బండి ఆయనది, కాలు నాది

2023 డిసెంబరు ఏడో తేదీ, గురువారం. తుఫాను తీరం దాటిన రెండో రోజు. దాటింది బాపట్ల దగ్గరని వార్తల్లో చెప్పారు. ఎక్కడ బాపట్ల, ఎక్కడ మన్యంలోని హుకుంపేట! అయినా దాని తోక ఇక్కడిదాకా విసిరి కొట్టింది. కోసి పనలేసిన వరి పొలంలోనే మొలకెత్తింది. ఆ ఉదయం వాన లేదు గానీ మంచు విడవలేదు. కొండలకి నడుములు లేకుండా పోయి తలలు మాత్రం గాలిలో నిలబడ్డాయి. పూర్వం తుఫానుకి సంవత్సరమే పేరు. డెబ్భై ఏడు తుఫాను, తొంభై ఆరు తుఫాను అనేవారు. ఇప్పుడు మనుషులకి పెట్టినట్టు పేర్లు పెడుతున్నారు. పేరుంటే తిట్టుకోడానికి వీలుగా ఉంటుందని సైలస్ అభిప్రాయం.

సైలస్ పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయినట్టు ఆవులకీ మేకలకీ ఎవరూ చెప్పలేదు కనక ఇంకా పిలుపులొస్తూనే ఉంటాయి. రోజూ పొద్దున్నే బండి బయటికి తీసి, పాతగుడ్డతో టాంకు తుడిచి, ఎడంచేతి కింద ఉన్న చిన్న లీవరు నొక్కి, మీటరులో ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా దింపి, అప్పుడు ఒక్క తన్ను తంతాడు. డెబ్భై ఆరో సంవత్సరపు బుల్లెట్. ఇనుప ఇంజను, గేరు కుడికాలికి, నల్లటి టాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు. ఊరొదిలి వెళ్ళిపోతున్న మిషను ఆస్పత్రి డాక్టరు దగ్గర కొన్నాడు. ఆ శబ్దం వినే ఆ వీధిలో పాలు కాచుకునేవారు.

ముందురోజు, అంటే బుధవారం, ఒక గేదెకి కట్టు కట్టి వస్తుంటే బురద మలుపులో బండి జారింది. కుడివైపు పడ్డాడు. ఇంజను బరువంతా మోకాలి కిందనే పడింది. లేచి దులుపుకున్నాడు. పంట్లాం చిరిగింది గానీ కాలికి గీత కూడా పడలేదు. పడదు. ముప్పై అయిదేళ్ళుగా పడటం లేదు. సైలస్ బండి మీంచి పడితే దెబ్బ కొండకవతల ముంచింగిపుట్టులో ఉన్న తెరిసమ్మకి తగులుతుంది.

తెరిసమ్మ ఆయన భార్య. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసింది. ఆవిడ కుంటుకుంటూ క్లాసుకొస్తే పిల్లలు, "సారు మళ్ళీ పడ్డారా టీచర్?" అని అడిగేవారు. జీపు డ్రైవర్లయితే మరీను. సంతరోజు సరుకు దింపి, "అమ్మగారూ, ఈ వారం పాడేరు రోడ్డు ఎలాగున్నాదండీ?" అని ఆవిడ మోకాలి వంక చూసేవారు. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "మోచెయ్యే. పెద్ద జారుడు కాదు, వెళ్ళొచ్చు," అనేది. ఆ మాట నమ్మి వెళ్ళి చెడినవాడు లేడు.

ఇది మొదలైంది ఎనభై ఎనిమిదిలో, ఈస్టరు ఆదివారం నాడు. ఆ ఏడు ఈస్టరు చైత్రమాసంలో పడింది. చైత్రమంటే కొండల్లో ఇటుకల పండగ. మగాళ్ళు అడవికి వేటకెళతారు. ఉత్తచేతుల్తో తిరిగొస్తే ఆడాళ్ళు పేడనీళ్ళు కొట్టి మరీ పరువు తీస్తారు. మగాళ్ళు లేని ఆ రోజుల్లో రోడ్డు ఆడాళ్ళది. అడ్డంగా ఓ కర్ర పట్టుకుని, పాటలు పాడి, వచ్చిన ప్రతి బండినీ ఆపి, పండగ డబ్బులు పుచ్చుకునిగాని వదలరు. కలెక్టరు జీపైనా ఆగాల్సిందే. సైలస్ ఆగలేదు. చర్చికి వేళ మించిపోతోంది. "దేవుడి పనిమీద వెళ్తున్నాం, తప్పుకోండి!" అని అరిచి కర్ర మీదికే తోలాడు. వెనక కూర్చున్న తెరిసమ్మ అప్పటికే రుమాలు ముడి విప్పి చిల్లర పట్టుకుని చెయ్యి చాపి ఉంది. కర్ర విరిగింది. బండి పడింది. చిల్లర రోడ్డంతా చెల్లాచెదురైంది. సైలస్ చొక్కా కూడా నలక్కుండా లేచాడు. తెరిసమ్మకి మోచేయి, ఎడమ మోకాలు రెండూ చీరుకుపోయాయి.

"బండికి లెగ్‌గార్డు పెట్టించు," అంది తెరిసమ్మ, కట్టు విప్పిన రోజున.

"గార్డు పడేవాడికి. నేను పడను," అన్నాడు సైలస్.

రెండోసారి ఆయనొక్కడే పడ్డాడు. ఇంట్లో బియ్యం ఏరుకుంటున్న తెరిసమ్మ 'అమ్మా' అని పిక్క పట్టుకుంది. మూడోసారీ అంతే. ప్రతిసారీ గార్డు మాట వచ్చేది. ప్రతిసారీ సైలస్, "ఆ ఇంజను ముందు ఇనుపకమ్మీ వంచి కడితే కళ పోతుంది. గుర్రానికి ఎవరైనా దడి కడతారా?" అనేవాడు. ఆఖరికి తెరిసమ్మకి ముంచింగిపుట్టు బదిలీ అయింది. పెద్ద గొడవేమీ జరగలేదు. ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించింది కూడా సైలసే. సెలవులకి వస్తుందనుకున్నాడు. రాలేదు. రమ్మని ఆయన అడగలేదు. ఆవిడ క్యాథలిక్కు, వాళ్ళ చర్చిలో విడాకులుండవు. ఈయనకి ఆ ఊసే తట్టలేదు. అలా ఒక కొండకి ఇటొకరూ అటొకరూ ముసలివాళ్ళైపోయారు. తరవాత ఫోన్లొచ్చాయి. వచ్చి ఏం లాభం? ముందు ఎవరు చెయ్యాలన్నది ఏ ఫోనూ తేల్చదు కదా.

ఆ గురువారం బండి స్టార్టు చేస్తుండగా ముంచింగిపుట్టు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మల్లేశు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తున్నది అతనే.

"కాంపౌండరు బాబూ, నిన్న పడ్డారు కదేటి?"

"ఏం, ఎక్కడ తగిలింది?"

"కుడికాలు ముణుకు కింద. తోలు సీరిపోనాది. అమ్మగారికి సుగరు కదా, ఆస్పత్రికి తీసుకెల్లినారు. మానితే మానినట్టు, ఆ కాలికి ఇంకో దెబ్బ తగిల్తే మరి తీసెయ్యడవే అన్నారంట డాట్రు." మల్లేశు విజిలు నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "బండి మానీరాదేటి బాబూ?"

బస్సు వెళ్ళిపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది. సైలస్ దాన్ని ఆపేశాడు. పొద్దున్నపూట ఆ శబ్దం మధ్యలో ఆగిపోవడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు. ఎదురింటావిడ పాలగిన్నె దింపి బయటికొచ్చి చూసింది.

బండి మానెయ్యడం గురించి ఆలోచించకపోలేదు. ఆలోచిస్తే ఇంట్లో ఒక మంచం, ఒక కంచం, గోడకి ఒక సిలువ కనిపించాయి. పిలిచేది ఆవులవాళ్ళే. వాళ్ళ దగ్గరికి చేర్చేది ఆ బండే. అదీ లేకపోతే ఆదివారం నుంచి ఆదివారం దాకా మనిషి మాట వినపడదు. ఇక మిగిలింది గార్డు.

వరహాలరావు షెడ్డు సంతబయలు పక్కన. అతనికి నోరూ స్పానరూ రెండూ ఒకేసారి ఆడతాయి.

"ఇప్పుడా బాబూ తెలివొచ్చినాది? మా నాయన బతికున్నప్పుడే మొత్తుకున్నాడు, కాంపౌండరు బండికి గార్డు పెట్టించుకోడురా, పాపం ఆ టీచరమ్మ అని. అదిగో, ఆ దూలానికి ఏలాడతన్నాది చూడండి, మీ బండి సైజే. మీకోసరవే ఒంపించి ఉంచినాడు. సచ్చిపోనాడు గాని అమ్ముకోలేదు."

దూలానికి వేలాడుతున్న గార్డు మీద కోడి ఒకటి కూర్చుని ఉంది. కిందికి దించి ఇంజను ముందు పెట్టి చూశారు. సరిగ్గా సరిపోయింది. సైలస్ దూరంగా వెళ్ళి చూశాడు, వంగి చూశాడు. నల్లగా నిగనిగలాడే ఆ ఇంజను ఎదట అది నిజంగానే మేకలదొడ్డి తడికలా ఉంది.

అప్పుడే ఫోను మోగింది. విశాఖపట్నంలో ఉన్న మేనల్లుడు సువార్తరావు. పోర్టులో ఉద్యోగం, ఆదివారాలు పాతబళ్ళ క్లబ్బు. వారానికోసారి ఫోను చేసి మావయ్య ఆరోగ్యం ఒక్క ముక్కలోనూ, బండి ఆరోగ్యం పావుగంటా అడుగుతాడు. విషయం విని గగ్గోలు పెట్టాడు.

"మావయ్యా, దయచేసి ఆ పని చెయ్యకు! క్లాంపులు బిగిస్తే ఫ్రేము మీద పెయింటు లేచిపోతుంది. అలాంటి ఒరిజినల్ బండి జిల్లాలో ఇంకోటి లేదు. దానికి గార్డు పెట్టడమంటే..."

"మీ అత్తయ్య కాలురా."

"అయితే నువ్వు నడపకు. గుడ్డ కప్పి ఉంచు. నేనొచ్చి తీసుకెళ్తాను, ఏసీ రూములో పెడతాను."

"నన్నా, బండినా?"

వరహాలరావు స్పానరు కింద పెట్టి మరీ నవ్వాడు.

నవ్వుల్లో చెప్పని సంగతి ఒకటుంది. అది సైలస్ ఎవరికీ చెప్పలేదు. ఏటా క్రిస్మస్ ముందురోజు పొద్దున్న ఆయన బండిని ఊరవతల పచ్చికబయలుకి తోలుకెళ్ళేవాడు. మెత్తటి చోటు చూసుకుని, దాదాపు ఆపేసి, మెల్లగా పక్కకి ఒరిగేవాడు. పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు. దాని వల్ల తగిలే దెబ్బ పావలా బిళ్ళంత కూడా ఉండదు. కమిలి, మూడోనాటికి పోతుంది. ఆవిడకి అది అర్థమవుతుందో లేదో తెలియదు. మూర్ఖంగా పడ్డాడనుకుంటుందో, ఇంకేమైనా అనుకుంటుందో. ఏమనుకున్నా ఆ ఒక్కరోజూ తను బతికున్నట్టు ఆ కొండకవతల ఒక మనిషికి తెలుస్తుంది. గార్డు పెడితే అది పోతుంది. గార్డు పెట్టకపోతే కాలు పోతుంది. రెండూ త్రాసులో వేస్తే కాలే బరువని తెలుసు. తెలిసినా చెయ్యి రాలేదు. చెడ్డవాడు కాదు, ఒంటరివాడు.

మర్నాడు మల్లేశుతో కబురు పంపాడు. "గార్డు పెట్టించమంటుందేమో కనుక్కో."

రెండు రోజులకి జవాబొచ్చింది. మల్లేశు బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి, తెరిసమ్మ గొంతుతోనే అప్పజెప్పాడు. "బండి ఆయనది, కాలు నాది. ఆలోచించుకోమను."

"ఇంకేం అనలేదా?"

"అనలేదండి. నవ్వినాది గావాల. ఆవిడ నవ్వితే తెలీదు కదా. ఇంకోటి బాబూ, నన్ను విశాపట్నం డిపోకి ఏసీసినారు. సోమారం నుండి ఈ రూటు నాది కాదు."

ఆ రోజే గార్డు బిగించారు. కోడి అలిగి ఎదురుగా వచ్చి నిలబడింది. వరహాలరావు క్లాంపుల కింద పాతట్యూబు ముక్కలు పెట్టాడు, సువార్తరావు ఏడవకుండా.

క్రిస్మస్ ముందురోజు సైలస్ అలవాటుగా పచ్చికబయలుకి వెళ్ళాడు. మెల్లగా ఒరిగాడు. గార్డు నేలకి ఆని బండి అక్కడే ఆగిపోయింది. మోచెయ్యి ఊనుకున్న మనిషిలా. కాలు కిందికి పోలేదు, నేల కూడా తగల్లేదు. ఆయన అలా వంకరగానే కాసేపు కూర్చున్నాడు. మంచులోంచి ఎవరివో ఆవులు వచ్చి, చూసి, వెళ్ళిపోయాయి.

జనవరిలో ఒకసారి నిజంగానే పడ్డాడు. గార్డు మీద గీత పడింది. అంతే. కొత్త కండక్టరు కుర్రాడు చెవుల్లో తీగలు పెట్టుకుని ఉంటాడు, ఎవరి కబురూ మొయ్యడు. ఆ చలికాలం సైలస్ బాగా తిరిగాడు, ఎవరికీ దెబ్బ తగలకుండా తిరిగాడు. అంత ఒంటరితనం ఆయన జన్మలో ఎరగడు.

ఏప్రిల్ వచ్చింది. మామిడి పూత కాయయింది. ఒకరోజు పదిగంటల బస్సు ఆగి, అందులోంచి ముందు ఒక చేతికర్ర, తరవాత కట్టు కట్టిన ఒక కాలు, ఆ తరవాత తెరిసమ్మ దిగారు. సైలస్ వాకిట్లో బండి కడుగుతున్నాడు.

"ఉన్నావా?" అంది.

"ఉన్నాను."

పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ మొగుణ్ణి నువ్వు అనేది. ఆ రోజుల్లో అది చర్చిలో కూడా వింతగానే చెప్పుకున్నారు.

"క్రిస్మస్ దెబ్బ రాలేదు," అంది తెరిసమ్మ అరుగు మీద కూర్చుని. "ప్రతి ఏడూ ఇరవై నాలుగో తారీఖు పొద్దున్న చిన్నది వచ్చేది. ఈ ఏడు రాలేదు. జనవరి చూశాను, ఫిబ్రవరి చూశాను. గార్డయినా పెట్టించి ఉండాలి, పోయైనా ఉండాలి. రెండిట్లో ఏదో చూసి వెళదామని వచ్చాను."

"తెలుసా నీకు? ఆ క్రిస్మస్‌ది?"

"రోడ్డు మీద పడ్డ దెబ్బకీ గడ్డి మీద పడ్డ దెబ్బకీ తేడా తెలీదా? నేనేమైనా కొత్తదాన్నా?"

లేచి బండి చుట్టూ తిరిగి, చేతికర్రతో గార్డుని టంగుమని కొట్టి చూసింది.

"వికారంగా ఉంది కదూ?" అన్నాడు సైలస్.

"ఉంది. నువ్వు మాత్రం ఏం గొప్పగా ఉన్నావు?"

కాఫీ పెట్టాడు. తోటల్లోంచి తెచ్చి ఇంట్లోనే వేయించుకున్న గింజలు. రెండో గ్లాసు వెతకడానికి చాలాసేపు పట్టింది. దొరికిన గ్లాసులో పశువుల థర్మామీటరుంది. అది తీసి, వేణ్ణీళ్ళతో కడిగి, అదే ఇచ్చాడు. ఆవిడ అన్నీ చూస్తూనే ఉంది. ఒక మంచం, ఒక కంచం.

"ఉండిపోరాదా?" అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా పొయ్యి వైపు చూస్తూ. ఆ మాట అడగడానికి అన్నేళ్ళు పట్టింది గానీ అనడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

తెరిసమ్మ కట్టు విప్పి చూపించింది. మోకాలి కింద అరచేయంత పుండు. డిసెంబరు నుంచి మానటం లేదు. దాని చుట్టూ పైనా కిందా మచ్చలు, మచ్చల మీద మచ్చలు. ఆయన పడిన రోడ్లన్నీ ఆ కాలి మీద ఉన్నాయి.

"ఈ కాలేసుకుని వచ్చి నీ చేత చాకిరీ చేయించుకోను. ఇది మానితే వస్తాను. నువ్వు పిలవక్కర్లేదు, నేనే వస్తాను. మానకపోతే లేదు."

మధ్యాహ్నం బస్సు రాలేదు. పండగ రోజులు, ఎక్కడ ఆపేశారో. "నేను దింపుతాను," అన్నాడు సైలస్. ఆవిడ గార్డు వంక ఒకసారి చూసి, వెనక ఎక్కింది. వెనక స్ప్రింగు కిందికి దిగిన ఆ బరువు ఆయన నడుముకి వెంటనే జ్ఞాపకం వచ్చింది.

సరిగ్గా ఎనభై ఎనిమిదిలో కర్ర విరిగిన ఆ ఊరి దగ్గరే, ఆ మలుపులోనే, రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని ఆడాళ్ళు పాడుతున్నారు. సైలస్ చాలా ముందే బండి ఆపేశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. కర్ర చివర పట్టుకున్న ఒకావిడ, నెరిసిన జుట్టు, ముక్కుకి రెండు వైపులా పుడకలు, పాట ఆపి దగ్గరికొచ్చింది.

"ఏటి బాబూ, నాను గేపకం ఉన్నానేటి?"

"లేదమ్మా."

"దేముడమ్మని. అప్పుడు సిన్న గుంటని. కర్ర ఈ కొస నానే పట్టుకున్నాను. మా అత్త ఎంత తిట్టినాదో, కర్ర ఇరిగిపోనిచ్చినానని." తెరిసమ్మ వంక చూసి చేతులు జోడించింది. "బాగున్నారా అమ్మా?"

సైలస్ నోటు తీసి ఇవ్వబోయాడు. దేముడమ్మ పుచ్చుకోలేదు.

"డబ్బులు అమ్మగారు అప్పుడే ఇచ్చీసినారు. రోడ్డంతా ఏరుకున్నాం. నీది కర్రతో పని. బేగి దిగు. దిగి, ఎత్తి పట్టుకో."

వెనకాల జీపులూ ఆటోలూ ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. సైలస్ దిగి కర్ర అందుకున్నాడు. పచ్చి టేకు కొమ్మ, చూడ్డానికి సన్నంగా ఉంది, ఎత్తితే ఇనుములా ఉంది. తలకి పైగా ఎత్తి పట్టుకున్నాడు. కింద నుంచి ఒక్కో బండీ వెళ్ళింది. జీపు వెళ్ళింది, మిరియాల బస్తాల ఆటో వెళ్ళింది, అరకు చూడ్డానికొచ్చిన కార్లు ఆయన్ని ఫొటోలు తీసుకుంటూ వెళ్ళాయి. కర్ర వాలబోతే మళ్ళీ ఎత్తాడు. తెరిసమ్మ పక్కన నిలబడి చేతికర్ర ఆనుకుని చూసింది. సాయం పట్టలేదు.

"బరువుగా ఉన్నాదేటి?" అంది దేముడమ్మ.

"నాదే కదా," అన్నాడు సైలస్.

"మరి నీదే." అని కర్ర పుచ్చుకుంది. ఆడాళ్ళు మళ్ళీ పాట ఎత్తుకున్నారు.

తెరిసమ్మని ఇంటి దగ్గర దింపి, గడప దగ్గరే మంచినీళ్ళు తాగి, సైలస్ చీకటి పడకుండా వచ్చేశాడు. మూడోనాడు పొద్దున్న లేచేసరికి మోచేయీ ఎడమ మోకాలూ భగ్గుమంటున్నాయి. చూసుకుంటే చర్మం చీరుకుపోయి ఉంది. ఆయనకి గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. అది ఈస్టరు దెబ్బ.

తరవాత రెండు మూడు రోజులకొకటి రావడం మొదలుపెట్టాయి. పడిన వరసలోనే వచ్చాయి. బియ్యం ఏరుకుంటున్నప్పటిది వచ్చింది. డుంబ్రిగూడ దగ్గర దున్నపోతు అడ్డొచ్చినప్పటిది వచ్చింది. ఒకటి రాగానే, 'ఇది ఎక్కడిది చెప్మా' అని మంచం మీద కూర్చుని ఆలోచించి, ఆ మలుపూ ఆ రోజు వానా గుర్తొచ్చాక లేచేవాడు. మధ్యమధ్యలో పావలా బిళ్ళంతవి వచ్చేవి. అవి వచ్చిన రోజున గెడ్డం గీసుకునేవాడు. ఎండల్లో కూడా ఫుల్‌ప్యాంటే. వరహాలరావు ఒక్కడే కనిపెట్టి, "కుంటతన్నారేటి బాబూ? పడలేదు కదా?" అన్నాడు. "పడ్డానోయ్, చాలాకాలం కిందట," అన్నాడు సైలస్.

కొండకవతల తెరిసమ్మ రోజూ లేవగానే కాళ్ళు చూసుకునేది. ఒకరోజు ఎడమ మోకాలి మీద ఈస్టరునాటి మచ్చ పోయింది. వారంలో ఇంకో రెండు పోయాయి. పోయినచోట చర్మం పెళ్ళినాటిదిలా ఉంది. డాక్టరుకి చూపిస్తే మందు బాగా పట్టిందన్నాడు. ఆవిడ కాదనలేదు. మచ్చ పోయిన ప్రతి పొద్దునా ఆయన ఉన్నాడన్నమాట. వెనక దెబ్బ వచ్చి ఆ కబురు చెప్పేది, ఇప్పుడు మచ్చ పోయి చెబుతోంది. ట్రంకుపెట్టె దులిపి ఎండలో పెట్టింది.

ఆగస్టు నాటికి ఒక్కటే మిగిలిందని సైలస్‌కి తెలుసు. అదెలాంటిదో కూడా తెలుసు, కళ్ళారా చూశాడు. చీపుళ్ళు కట్టినట్టు వాన పడుతున్న ఒక ఉదయం అది వచ్చింది. కుడి మోకాలి కింద, అరచేయంత. గేదెలకి కట్టిన చేత్తోనే తన కాలికి కట్టుకున్నాడు. నాలుగోరోజుకి జ్వరం. వరహాలరావు ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కాలు తీసేస్తే మనిషి దక్కుతాడన్నారు.

"వద్దండి," అన్నాడు సైలస్.

"ప్రాణం మీదికి వచ్చింది. ఎందుకు వద్దు?"

"తీస్తే ఎవరి కాలు పోతుందో మీరు చెప్పగలరా?"

డాక్టరు ఆ ప్రాంతానికి కొత్త కాదు. వరహాలరావు ముఖం చూసి, మందులు రాశాడు.

ఇంటికొచ్చి వరహాలరావుకీ, చూడ్డానికొచ్చిన పాస్టరుగారికీ తన వస్తువుల్లో ఏది ఎవరికో నోటితోనే చెప్పాడు. వరహాలరావు ఆయన నోటి దగ్గర చెవి పెట్టి రెండుసార్లు విన్నాడు, తప్పు పోకుండా. ఆగస్టు నెలాఖరున, తెల్లవారుతూండగా సైలస్ పోయాడు. స్నానం చేయించినవాళ్ళు ఆ కాళ్ళు చూసి కాసేపు నీళ్ళు పొయ్యడం మరిచిపోయారు. అంగుళం ఖాళీ లేదు. అన్నీ మానిన దెబ్బలే, ఆ ఒక్కటి తప్ప.

అదే ఉదయం ముంచింగిపుట్టులో తెరిసమ్మ కట్టు విప్పింది. కాలు తెల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. చేతికర్ర తలుపు మూల పెట్టేసి, ట్రంకుపెట్టెతో మొదటి బస్సు ఎక్కింది. పిలవక్కర్లేదు, నేనే వస్తానని చెప్పిన మనిషి కదా. హుకుంపేటలో దిగి, కుంటకుండా నడిచి, వాకిట్లో జనాన్ని చూసి ఆగింది. ట్రంకుపెట్టె దింపడానికి కండక్టరు కుర్రాడు చెవుల్లో తీగలు తీశాడు.

ఇల్లు మిషను స్థలంలోది కనక మిషనుకి పోయింది. సూదులూ, పశువుల నోట్లో మందు పోసే వెదురుగొట్టం దేముడమ్మ ఊరికి వెళ్ళాయి, అక్కడ మేకలెక్కువ. స్పానర్ల సంచీ వరహాలరావుకి. థర్మామీటరు పెట్టుకున్న గ్లాసు ఎవరికని చెప్పలేదు. తెరిసమ్మ తీసుకుంది. బండి, గార్డుతో సహా, ఆవిడకే. నడపడం రాదు. వరహాలరావు తోలుకెళ్ళి ఆవిడ వరండాలో నిలబెట్టి వచ్చాడు. పాతబళ్ళ క్లబ్బు స్టిక్కరున్న వ్యాను వేసుకుని, మెత్తటి దుప్పట్లు కూడా తెచ్చుకున్న సువార్తరావు టీ తాగి తిరిగి వెళ్ళాడు. అతనికి ఏమీ రాలేదు.

డిసెంబరు ఇరవై నాలుగున, మంచు విడవక ముందే లేచి, వరండాలో బండి పక్కన కూర్చుని, తెరిసమ్మ కాలు చూసుకుంది. ఆవిడకీ ఏమీ రాలేదు.